మజూరీ లేని దారం

మా వైపు దారాన్ని ఎవరూ ఊరికే ముట్టుకోరు. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు కిలో ఎంత పలికాయన్న దగ్గర మొదలవుతుంది లెక్క. రీలింగు యూనిట్లో అది ముడిపట్టు ధర అవుతుంది. ధర్మవరం చేరేసరికి వార్పుకింత, జరీకింత, అద్దకానికింత, నేసినందుకింత మజూరీ అని విడిపోతుంది. పోగు తెగితే నష్టం, చిక్కుపడితే నష్టం, రంగు కొంచెం తేలిపోతే షావుకారు దగ్గర మాట పడాలి. అలాంటి చోట పుట్టి పెరిగి, బడిలో లెక్కలు చెప్పి రిటైరై, ఇప్పుడు దారంతో ఆడుకుంటానంటే ముందు మా ఇంట్లోవాళ్లకే వింతగా తోచింది. నేను కుట్టిన బంతిని మావారు అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది. దీన్ని ఎక్కడ తగిలిస్తారు?" అని అడిగారు. ఎక్కడా తగిలించరన్నాను. ఆయన దాన్ని టీవీ పక్కన పెట్టి పేపర్లో పడిపోయారు.

నేను కుట్టేది తెమారి. జపాన్ వాళ్ల దారపు బంతి. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. పైన రంగురంగుల దారాలతో చామంతి రేకులు, నక్షత్రాలు, ఒకదానిలోంచి ఒకటి దూరి వచ్చినట్టుండే పట్టీలు కుడతారు. మొదట చూసినవాళ్లెవరైనా రంగు వేశారనుకుంటారు. దగ్గరికి తెచ్చుకుంటే ఒక్కో పోగూ విడిగా కనిపిస్తుంది. ఆ కనిపించడమే నన్ను పట్టేసింది. ఇన్నేళ్లూ గోళం గురించి నల్లబల్ల మీద గీసి చెప్పిందంతా బొమ్మే. చేతిలో గోళాన్ని పెట్టుకుని దాన్ని పన్నెండు సమాన భాగాలు చేయమంటే నాకు అప్పటికి రాదు.

దీని పుట్టుక కథ పెద్దదే, నేను కుదించి చెబుతాను. ఏడో శతాబ్దం ప్రాంతంలో చైనా నుంచి జపాన్‌కు కెమారి అనే ఆట వచ్చింది. జింకతోలు బంతిని నేల మీద పడనీయకుండా కాలితో ఎగరేసే ఆట అది. రాజాస్థానాల్లో మగవాళ్లు ఆడేవాళ్లు. చేత్తో ఆడే బంతి తరవాతిది. పాత కిమోనోల పేలికల్ని ఉండగా చుట్టి, దారంతో బిగించి ఆడపిల్లల చేతికిచ్చేవాళ్లు. కలవారి ఇళ్లలో ఆడవాళ్లు దాని మీద పట్టుదారంతో పువ్వులు కుట్టడం మొదలుపెట్టారు. ఎదో అని పిలిచే కాలంలో, అంటే 1603 నుంచి 1868 వరకు, నూలు పల్లెల దాకా అందుబాటులోకి వచ్చి మామూలు ఇళ్లలో కూడా తెమారి చుట్టారు. పిల్లలు పాటలు పాడుతూ నేలకేసి కొట్టి ఆడేవాళ్లు. ర్యోకాన్ అని ఒక జెన్ సన్యాసి ఉండేవాడు. 1758లో పుట్టి 1831లో పోయాడు. మంచి కవి, అంతకన్న మంచి చేతిరాత ఉన్నవాడు. భిక్షకు బయలుదేరి, దారిలో పల్లె పిల్లలు కనబడితే తెమారి ఆడుతూ పొద్దుపుచ్చేవాడట. ఆయన అంగీ చేతిలో ఎప్పుడూ ఒక బంతి ఉండేదని చెప్పుకుంటారు. ఈ సన్యాసి మీద నాకు ఎంతో ఇష్టం. భిక్ష మరిచిపోయి ఆడినవాడు లెక్కల మనిషి కాదు, అది ఖాయం.

ఎదో తరవాతి మెయిజీ కాలంలో రబ్బరు బంతి వచ్చింది. నేలకేస్తే రబ్బరు ఎగిరినట్టు ఊక, గుడ్డ, దారం ఎగరవు గదా. పిల్లలు అటు పోయారు. తెమారి అలమారలోకి ఎక్కింది. ఊరూరికీ ఒక పద్ధతి మాత్రం మిగిలింది. షికోకు ద్వీపంలోని సనుకిలో ఊక నింపి, చెట్ల రంగులద్దిన నూలుతో కుడతారు. ఉత్తరాన హోంజోలో మూడు వైపులా కుచ్చులు వేలాడదీస్తారు. కనజావాలో కూతురిని అత్తారింటికి పంపేటప్పుడు తెమారి ఇచ్చే ఆనవాయితీ ఉంది. మత్సుమొతో ఊళ్లో వీధి మ్యాన్‌హోల్ మూతల మీద కూడా తెమారి బొమ్మే పోతపోశారు.

ఆట పోతేనే వస్తువు కళ అవుతుందా అని నాకో అనుమానం. ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాట వాళ్ల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా రామాయణం ఆడించిన ఆ మేకతోలు మీదే ఇవాళ నెమళ్లు, చెట్లు గీసి దీపాలకు తొడుగులు చేస్తున్నారు. హైదరాబాదు, బెంగళూరు ఇళ్లలో హాల్లో పెట్టుకుంటున్నారు. బొమ్మ వెనక దీపం వెలుగుతూనే ఉంది, హనుమంతుడు మాత్రం ఎగరడం లేదు. దానికి ఏడవాలో సంతోషించాలో తేల్చుకోలేను. కుటుంబం గడుస్తోంది, చెయ్యి మరిచిపోలేదు, అదే చాలనుకుంటాను. తెమారి సంగతీ అంతే. టీవీ పక్కన పెట్టిన బంతిని చూసి మా ఎదురింటి పిల్లవాడు "ఇది ఆడేకి గాదా అవ్వా?" అని అడిగాడు. వాడి ప్రశ్నే సరైనది. వాడికోసం ఒకటి మోటుగా, లావు నూలుతో చుట్టి ఇచ్చాను. మూడో రోజుకు మురిక్కాలవలో పడి ఆయుష్షు తీరిపోయింది. పాత కాలపు తెమారిలన్నీ అలాగే పోయి ఉంటాయి. మ్యూజియంలో మిగిలినవన్నీ పిల్లల చేతికి చిక్కనివే.

ఇక కుట్టుపని. బంతి నడుమ ఏముండాలన్న దగ్గరే సగం కష్టం. దుకాణాల్లో థర్మాకోల్ ఉండలు దొరుకుతాయి, అందరూ వాటి మీదే నేర్చుకుంటారు. నాకు అవి నచ్చలేదు. బరువుండదు, సూది దిగితే కిర్రుమంటుంది. సనుకి వాళ్లలా ఊక నింపాలనుకున్నాను. మాది శెనిక్కాయల నేల, పొట్టుకు లోటు లేదు గదా అని ముందు శెనిక్కాయ పొట్టు దంచి చూశాను. దాని అంచులు గట్టివి, ఎంత దంచినా సూదికి అడ్డం తగులుతాయి. వరి ఊక అలా కాదు, సూది వస్తే పక్కకు జరిగి దారి ఇస్తుంది. పలచటి ప్లాస్టిక్ కవర్లో గుప్పెడు ఊక పోసి, గాలి తీసి, మూతి మడిచి, పైన పాత ఊలు చుట్టాలి. ఊలు మీద కుట్టుమిషన్ దారం చుట్టాలి. ఇక్కడే ఓపిక కావాలి. ఒకే దారిలో రెండుసార్లు చుట్టకూడదు. ప్రతి చుట్టుకూ బంతిని కొంచెం తిప్పుతూ ఉండాలి. లేకపోతే ఒక పక్క గూని వస్తుంది. టైలర్లు వాడే దారం కోన్ ఒకటి ఒడిలో పెట్టుకుంటే, అది సగమయ్యేసరికి కింద ఊలు రంగు కనబడకుండా పోతుంది. అప్పుడు బంతిని బల్ల మీద దొర్లిస్తాను. తిన్నగా పోయిందా, గుండ్రం కుదిరినట్టు. వంకర తిరిగిందా, ఇంకా చుట్టాలి.

లోపల చప్పుడు కోసం జపాన్ వాళ్లు చిన్న గజ్జెలో, గింజలో పెట్టేవాళ్లు. హిందూపురంలో చింతపండు మార్కెట్ ఉంది, మా ఇళ్లలో చింతగింజలకు కరువేముంది? గింజలు విడిగా వేస్తే ఊకలో కూరుకుపోయి మూగవోతాయి. వాటికి ఒక గది కావాలి. పట్టుపురుగు రెక్కల పురుగై బయటికి వచ్చేసిన గూళ్లుంటాయి. చివర బొక్క పడి ఉంటుంది కాబట్టి అవి దారం తీయడానికి పనికిరావు. అలాంటి గూట్లోకి రెండు చింతగింజలు జారవిడిచి, బొక్క మూసి కుట్టేసి, ఆ గూడు చుట్టూ ఊక సర్దుతాను. బంతి పూర్తయ్యాక చెవి దగ్గర ఊపితే లోపల టకటకమంటుంది. దీన్ని ఏ జపాన్ పుస్తకంలోనూ చూడలేదు, మా ఊరి పద్ధతి అనుకోండి.

తరవాత కొలత. ఇక్కడ స్కేలుతో పని లేదు. ఒక సన్నటి కాగితపు పట్టీ, కొన్ని గుండుసూదులు చాలు. ఎక్కడో ఒకచోట గుండుసూది గుచ్చి, అదే ఉత్తర ధ్రువం అనుకోవాలి. పట్టీ కొస ఆ సూదికి గుచ్చి, బంతి చుట్టూ తిప్పి, మళ్లీ సూదిని కలిసిన చోట కత్తిరించాలి. పట్టీని సగానికి మడిస్తే దక్షిణ ధ్రువం ఎక్కడో తెలుస్తుంది. ఇంకో మడత పెడితే రెండు ధ్రువాలకూ సరిగ్గా నడుమ పడే నడికట్టు తెలుస్తుంది. పట్టీని నాలుగు వైపులా తిప్పి చూడాలి. అన్నివైపులా అదే చోటు చూపిస్తే బంతి నిజంగా గుండ్రం అన్నట్టు. నడికట్టు మీద ఎనిమిది సూదులు సమానంగా గుచ్చి, జరీ దారంతో ధ్రువం నుంచి ధ్రువానికి గీతలు లాగితే ఎనిమిది భాగాల బంతి తయారు. మన ఇళ్లలో ముగ్గుకు చుక్కలు పెట్టుకున్నట్టే ఈ గీతలు. పువ్వంతా వాటినే పట్టుకుని పూస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన లెక్క ఒకటి ఉంది. లెక్కలంటే గిట్టనివాళ్లు ఈ పేరా దాటేయండి. బంతి మీద పన్నెండు పువ్వులు, ఒకదానికొకటి సమాన దూరంలో రావాలంటే, పది భాగాల బంతి మీద ధ్రువం నుంచి ఎంత దూరంలో తరవాతి సూది గుచ్చాలి? త్రికోణమితి ప్రకారం ఆ కోణం 63.43 డిగ్రీలు. తెమారి కుట్టే ఆడవాళ్లు ఈ కోణం జోలికి పోరు. చుట్టుకొలతలో ఆరో భాగం తీసుకో, దానికి నూరో భాగం కలుపు అంటారు. చుట్టుకొలత 30 సెంటీమీటర్లున్న బంతికి ఆరో భాగం 5, నూరో భాగం 0.3, మొత్తం 5.3 సెంటీమీటర్లు. అసలు విలువ 5.286. తేడా మిల్లీమీటరులో ఏడో వంతు, గుండుసూది మందం కన్నా తక్కువ! అలా ఒక సూది విడిచి ఒక సూది మీద, పైనుంచి అయిదు, కిందినుంచి అయిదు, రెండు ధ్రువాలు కలిపితే పన్నెండు. గీతలన్నీ లాగితే బంతి మీద 120 చిన్న త్రిభుజాలు పడతాయి. ఈ ఉపాయం ఎవరు కనిపెట్టారోగాని, వాళ్ల కాళ్లకు దండం పెట్టాలనిపించింది. పదో తరగతి పిల్లలకు నేను గోళం గురించి చెప్పిన ఏ పాఠంలోనూ ఇంత అందం లేదు.

కుట్టు తీరు కూడా మన ఎంబ్రాయిడరీలా ఉండదు. సూది బంతి లోపలికి దిగేది గీత దాటే చోట మాత్రమే, అదీ నువ్వుగింజంత. మిగిలిన దారమంతా పైన పరుచుకుని ఉంటుంది. చామంతి కుట్టాలంటే ధ్రువం దగ్గర ఒక గీత మీద సూది ఎత్తి, దారాన్ని పక్క గీత మీదికి నడికట్టు దాకా దించి, అక్కడ చిటికెడు పట్టి, మళ్లీ పైకి. ఇలా ఎగుడుదిగుడుగా ఒక చుట్టు తిరిగితే సన్నటి నక్షత్రం వస్తుంది. రెండో చుట్టు దానిని ఆనుకుని పడాలి. పైన, ధ్రువం దగ్గర, ముందు చుట్ల దారాల వెనక నుంచి సూది పోనిచ్చి తీయాలి. చుట్టు చుట్టుకూ రేకు వెడల్పవుతుంది. దారం గట్టిగా లాగితే బంతి నొక్కుకుపోతుంది, వదులైతే పోగు లేచి వేలికి తగులుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న బిగువు మాటల్లో చెప్పలేను. వేలికే తెలియాలి.

దారం దగ్గరే మా వైపు మనుషులకు నవ్వొస్తుంది. జపాన్ వాళ్లు, వాళ్లను చూసి అమెరికా వాళ్లు పెర్ల్ కాటన్ అనే మెరిసే నూలు వాడతారు. హిందూపురంలో ఫ్యాన్సీ దుకాణాలకు పోతే చీర కుచ్చులకు వాడే సిల్క్ థ్రెడ్ రీళ్లు చూపిస్తారు. పేరు సిల్కు గాని, అందులో చాలావరకు రేయానే. మెరుపు బాగానే ఉంటుంది, గోళ్లకు తట్టుకుని లేస్తుంది. పట్టు కొనే ఊళ్లో ఉండి పట్టు కానిదాన్ని పట్టు అని కొనడమేమిటని ధర్మవరం రైలెక్కాను.

హిందూపురం నుంచి ధర్మవరం దాకా రైల్లో కూచుంటే బంతి పని బాగా సాగుతుంది. ముఖ్యంగా చుట్టడం. బెంగళూరు వైపు నుంచి వచ్చే పాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికితే పెనుకొండ కొండ కనబడే లోపల ఒక పొర పూర్తవుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోరు గదా.

"ఏం కుడ్తాండావక్కా?"

"బంతి."

"పిల్లోళ్లకా?"

"కాదు."

"అమ్మేకా?"

"కాదు."

"మరెందుకు?"

ఈ చివరి ప్రశ్న దగ్గర నేను నవ్వి ఊరుకుంటాను. పెనుకొండలో ఎక్కిన కుర్రవాళ్లయితే ఇంకో ప్రశ్న వేస్తారు, "కొరియాదా మేడమ్?" అని. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలైన దగ్గరనుంచి పెనుకొండ రోడ్డు మీద కొరియా లిపి బోర్డులు కూడా కనబడుతున్నాయి. కొత్తరకం వస్తువేదైనా కొరియా నుంచే వచ్చి ఉంటుందని వాళ్ల నమ్మకం. కాదు నాయనా, జపాన్‌ది అంటే, "రెండూ పక్కపక్కనే గదా" అని సర్దేస్తారు. 1565 తరవాత విజయనగర రాజులు కొలువు తీర్చిన ఊరు పెనుకొండ. దేశదేశాల వాళ్లు రావడం దానికి కొత్త కాదు.

అసలు పట్టు విషయంలో జపాన్ మా వైపుకు ఎప్పటినుంచో చుట్టం. 1890లలో జంషెడ్‌జీ టాటా జపాన్ చూసి వచ్చి, అక్కడి దంపతుల్ని పిలిపించి బెంగళూరులో పట్టు తోట పెట్టించాడు. బసవనగుడి దగ్గర ఆ చోటును ఇప్పటికీ టాటా సిల్క్ ఫార్మ్ అనే అంటారు. 1991 నుంచి జపాన్ నిపుణులు మైసూరు పరిశోధన కేంద్రంతో కలిసి తెల్లగూళ్ల రకాల మీద, అంటే బైవోల్టిన్ మీద, ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ పని కర్ణాటక, తమిళనాడుతో పాటు మన రైతుల దాకా వచ్చింది. హిందూపురం పక్కన కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. మంచి తెల్లగూడు ఒకటి వెయ్యి మీటర్ల దాకా ఒకే పోగు ఇస్తుంది. మార్కెట్లో పసుపు గూళ్ల పక్కన తెల్లగూళ్లు పోసి ఉంటే రైతు ముఖం వేరుగా ఉంటుంది. ఇక్కడ కూడా జపాన్ వచ్చింది లెక్కల కోసమే, దిగుబడి కోసమే. పిల్లల బంతిని మాత్రం ఎవరూ వెంట తేలేదు.

ధర్మవరంలో మాకు తెలిసిన నేతగాళ్ల ఇల్లుంది. ముందు గదంతా గుంటమగ్గం, పైన జకార్డు పెట్టె, దాన్నుంచి వేలాడే డిజైన్ అట్టలు. మనిషి నడిచేందుకు గోడ పక్కన మూరెడు సందు. ఆయన మగ్గం దిగకుండానే బంతి అందుకున్నాడు. బొటనవేలితో ఒకసారి రేకుల మీద రాసి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పి అడిగాడు.

"పడుగేది? పేకేది?"

నేను తెల్లబోయాను. ఇన్నాళ్లూ నాకు తట్టని ప్రశ్న అది. రెండూ లేవన్నాను. దారమంతా పైపైనే చుట్టూ తిరుగుతుందని చూపించాను. ఆయన ఒక పోగును గోటితో లేపి, వేళ్ల మధ్య నలిపి, "దీనికి పురి చాల్దు మ్మా, అందుకే జారతాంది" అన్నాడు. ఆయన భార్య కొత్త వార్పును పాత పోగులకు అతికేటప్పుడు మిగిలిన కొసల్ని సంచిలోంచి తీసింది. చిలకాకుపచ్చ, నేరేడు, దానిమ్మ ఎరుపు, పసుపు. చీర పోగు ఒంటిగా ఈ పనికి ఆనదు, అయిదారు కలిపి పురి పెట్టాలని ఆవిడే చెప్పింది. అరచేతిని తొడ మీద రాస్తూ ఒకటి పేని చూపించింది. ఆ పేనిన దారం బంతి మీద కదలకుండా కూచుంది.

ధర్మవరం చీరల్లో పేరుపడ్డది డబుల్ షేడ్. ఎరుపు పడుగులో ఆకుపచ్చ పేక పడితే మడత మడతకూ రంగు మారుతుంది. దాన్నే బంతి మీద తేవాలని ఒక చుట్టు ఎరుపు, ఒక చుట్టు ఆకుపచ్చ వేసి చూశాను. మగ్గం మీది మెరుపు రాలేదు. అక్కడ రెండు రంగులు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి, ఇక్కడ పక్కపక్కన పడుకుంటాయి. రేకులు ఒకదాని మీదుగా ఒకటి పోయే ధ్రువం దగ్గర మాత్రం, రూపాయి బిళ్లంత మేర, ఆ నీడ కదిలింది. ఆ కాస్త చోటు చూసి ఆయన తల ఊపాడు. నాకు ఆ తల ఊపే పెద్ద సర్టిఫికెట్టు.

తరవాత ఆయన లెక్కలోకి దిగాడు, దిగకుండా ఎలా ఉంటాడు? "చేసేకి ఎన్ని దినాలు?" వారమో పది రోజులో, సాయంత్రాలు కూచుంటే. "ఎంతకిస్తావు?" ఇవ్వను. "ఇచ్చినా ఎవురు కొంటారులే మ్మా, మజూరీ గూడా రాదు" అని నవ్వాడు. నేనూ నవ్వాను గాని, గదిలో ఉన్న మగ్గం నవ్వలేదు. చీరకు పేరుంది, భౌగోళిక గుర్తింపు ఉంది. మరమగ్గాలు చేనేత చీరల్ని నేయకూడదని 1985లో చేసిన చట్టమూ ఉంది. ఆ చట్టం కాగితం మీద ఉన్నంత గట్టిగా బజారులో లేదు. నేసినవాడి చేతికి వచ్చేదాన్ని చీర ధర పక్కన పెట్టి చూడటానికి మనసొప్పదు. అప్పుల బాధతో ఈ ఊళ్లో నేతగాళ్లు ప్రాణాలు తీసుకున్న సంగతి పేపర్లు చదివేవాళ్లందరికీ తెలుసు. ఆ ఇంట్లో కూచుని దారంతో ఆడుకుంటున్నానని చెప్పడం సులువు కాదు. వాళ్లు మాత్రం నన్ను తప్పుపట్టలేదు. వాళ్ల అమ్మాయి, తొమ్మిదో తరగతి, బంతిని చెవి దగ్గర ఊపి చింతగింజల చప్పుడు వింటూ కూచుంది.

తిరిగి వచ్చాక లేపాక్షి పోయాను. హిందూపురానికి 15 కిలోమీటర్లు. అచ్యుతరాయల కాలంలో పెనుకొండ కోశాధికారి విరుపణ్ణ కట్టించిన గుడి. నందినీ, వేలాడే స్తంభాన్నీ చూసి అందరూ వెనక్కి తిరుగుతారు. లతామండపం స్తంభాల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. స్తంభానికి నాలుగు ముఖాలు, ఒక్కో ముఖం మీద వరసగా చెక్కిన తీగలు, పువ్వులు, గళ్లు. చీరల అంచులకు డిజైన్లు గీసేవాళ్లు వీటినే చూసి గీస్తారని మా వైపు అందరూ చెప్పే మాట. బంతి మీదికి ఏదైనా పనికొస్తుందేమోనని నోటు పుస్తకం పట్టుకుని పోయాను. తీగలు రావు. అవి చదునైన రాతి మీద పైకి పాకేవి, బంతికి పైనా కిందా లేదు. మధ్యలో ఒంటరిగా ఉన్న గుండ్రటి పువ్వులు మాత్రం వచ్చాయి. ఎనిమిది రేకుల పువ్వొకటి జపాన్ చామంతికి చెల్లెలే. నేరేడు, పసుపు పోగులతో దాన్నే కుట్టాను.

బెంగళూరులో ఒక దుకాణం వాళ్లు, ఎవరి ద్వారానో చూసి, యాభై కావాలన్నారు. అన్నీ ఒకే సైజు, ఒకే రెండు రంగులు, దీపావళి లోపల. కాదన్నాను. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. నెల తిరిగేసరికి పింఛను పడుతుంది కాబట్టి కాదనగలిగాను. ధర్మవరంలో ఆ ఇల్లాలిని అడిగితే యాభై కాదు, నూరు చేస్తాననేది, అనాలి కూడా. ఆడుకోవడానికి తీరిక ఉండటం కూడా ఒక ఆస్తే, అది అందరికీ పంచిపెట్టలేదు. అందుకే ఆ దుకాణం చిరునామా ఆవిడకు ఇచ్చాను. కొలత పట్టీ ఎలా మడవాలో ఆ పిల్లకు నేర్పాను. లెక్క గనక అది ఒక్క పూటలో పట్టుకుంది. ఆరో భాగం, నూరో భాగం సంగతి విని, "అట్లెట్ల సరిపోతుంది టీచర్?" అని నన్నే నిలదీసింది. కాగితం మీద వేసి చూపించేదాకా ఒప్పుకోలేదు.

మీరూ మొదలుపెడతామంటే రెండు మాటలు. పట్టుతో మొదలుపెట్టకండి, లావు నూలు దారం తీసుకోండి. ముందు ఎనిమిది భాగాల బంతే చేయండి, పన్నెండు పువ్వుల జోలికి ఏడాది దాకా పోకండి. ఊక బాగా ఎండాలి, లేకపోతే పురుగు పడుతుంది. ధర్మవరం పోయినప్పుడు నేతగాళ్ల ఇంట్లో మిగిలిన పోగుల కొసలు అడగండి, సంతోషంగా ఇస్తారు. కాని ఊరికే తెచ్చుకోకండి. మనకది ఆట సామాను, వాళ్లకది కొన్న పట్టు. దాని విలువ వాళ్ల చేతిలో పెట్టి రండి.